నో నాటకంలో పూనకం ఎక్కడుంది?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. నో అంటే మాస్కులు పెట్టుకుని, పాటతో, నాట్యంతో ఆడే జపాను పాత నాటకం. మీరు "అవోయి నో ఉయే" అనే నో నాటకం వీడియోలో చూశారు. రొకుజో అనే ఆవిడ ఆత్మ అవోయి అనే ఆవిడకి పట్టిందని పరిచయంలో రాశారు. తీరా చూస్తే ఎవరూ ఊగలేదు, అరవలేదు, జుట్టు విరబోసుకోలేదు. ఆ అవోయి అసలు వేదిక మీదికే రాలేదు. మరి పూనకం ఎక్కడుంది, నటుడికి నిజంగా ఏదైనా పూనుతుందా, కబుకీ అనే ఇంకో జపాను నాటక పద్ధతిలో కూడా ఇంతేనా అని అడిగారు.

క్యోటోలో ఒక గురువుగారి దగ్గర కొన్నేళ్ళు నో పాట, అడుగులు నేర్చుకున్నాను. పండితుణ్ణి కాను గానీ ఈ నాటకాలు చాలాసార్లు చూశాను, కొన్నిటి పాఠం నోటికొచ్చు. నాకు తెలిసినంతలో, నోలో పూనకం ఒక విచారణ లాంటిది. ఒక ఒంట్లోంచి మాట వస్తుంది. ఆ మాట ఎవరిదో ఎదుటివాడు అడిగి తేల్చుకుంటాడు. మనం చూడాల్సింది ఆ తేల్చుకోవడాన్ని. ఒళ్ళు ఊగడం కోసం ఎదురుచూస్తే గంటసేపు కూర్చున్నా ఏమీ జరగనట్టే ఉంటుంది.

ముందు మీరు చూసిన నాటకం సంగతి. ఆట మొదట్లో సహాయకుడు ఒకాయన వచ్చి, మడిచిన పట్టు కిమోనో ఒకటి వేదిక ముందు అంచు దగ్గర పరిచి వెళ్ళిపోతాడు. వీడియోలో చాలామంది దాన్ని గమనించరు. అదే అవోయి. జబ్బుపడి మంచం పట్టిన మనిషి అన్నమాట. నాటకానికి పెట్టింది ఆవిడ పేరే, కానీ ఆవిడకి ఒక్క మాట లేదు, ఒక్క కదలిక లేదు.

ఆ తర్వాత తెరుహి అనే సోది చెప్పే ఆవిడ చేత వింటినారి మీటిస్తారు. అజుసా అనే చెట్టు కర్రతో చేసిన విల్లు అది. ఆ నారి చప్పుడుకి ఆత్మలు దిగివస్తాయని పాతకాలం నమ్మకం. వేదిక మీద విల్లు కనిపించదు, కొత్సుజుమి అనే చిన్న డోలు మీద ఆ నారి మోతని ప్రత్యేకమైన దరువుగా వాయిస్తారు. మళ్ళీ చూసేటప్పుడు అక్కడ చెవి పెట్టి వినండి. ఆ దరువుకే రొకుజో ఆత్మ పక్కనున్న పొడుగాటి వంతెన మీదుగా మెల్లగా నడిచి వస్తుంది. తెరుహికి మాత్రమే కనిపిస్తుంది, పక్కనున్న ఉద్యోగికి కనిపించదు. ఎవరు నువ్వు, పేరు చెప్పు అని తెరుహి అడుగుతుంది. పేరు చెప్పడంతోనే సగం పని అయిపోయినట్టు. ఎవరో తెలిస్తేనే కదా ఎలా వదిలించాలో తెలిసేది.

రొకుజో అప్పటికి చనిపోలేదు. ఇది బతికున్న మనిషి ఆత్మ. ఇకిర్యో అంటారు. ఆవిడ కాలంచేసిన యువరాజు భార్య, చదువు, హోదా ఉన్న మనిషి. గెంజి అనే రాకుమారుడికి ప్రియురాలైంది. కామో ఉత్సవం రోజుల్లో ఊరేగింపు చూడ్డానికి గుట్టుగా ఎద్దుల సవారీ బండిలో వస్తే, గెంజి పెళ్ళాం అవోయి మనుషులు ఆ బండిని వెనక్కి నెట్టేసి, విరగ్గొట్టి, జనం ముందు పరువు తీశారు. అవోయి అప్పుడు కడుపుతో ఉంది. ఆ అవమానమే పట్టి పీడిస్తోంది.

కథ మురసాకి షికిబు 11వ శతాబ్దం మొదట్లో రాసిన గెంజి కథలోది. అందులో ఈ ఘట్టం వేరేగా నడుస్తుంది. గెంజి పెళ్ళాం మంచం దగ్గర కూర్చుని ఓదారుస్తుంటే, ఆవిడ నోట్లోంచి వేరే గొంతు వస్తుంది. గాల్లో తిరుగుతున్న నా ప్రాణాన్ని బట్ట కొంగుతో ముడివేసి ఆపమని ఒక పద్యం చెబుతుంది. ఆ గొంతు ఎవరిదో గెంజికి ఠక్కున తెలుస్తుంది. అక్కడ రొకుజో తన ఇంట్లోనే ఉంది. తన బట్టలకి ఆవాల జాతి గింజల వాసన పట్టి ఉంటుంది. భూతవైద్యంలో హోమంలో వేసే గింజల వాసన. తల స్నానం చేస్తుంది, బట్టలు మారుస్తుంది, అయినా పోదు. తను చేశానో లేదో తనకే తెలియని నేరానికి దొరికిన సాక్ష్యం అది. ఇంతకంటే భయంకరమైన పేజీ ఆ పుస్తకంలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మురసాకి ఇదంతా ఊహించి రాసింది కాదు. 1008లో షోషి రాణికి పురుడు పోసినప్పుడు మురసాకి ఆ ఇంట్లోనే ఉంది, చూసినదంతా డైరీలో రాసుకుంది. రాణిని పట్టిన పీడల్ని పక్కన కూర్చోబెట్టిన మనుషుల ఒంట్లోకి మళ్ళించడం, ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో మంత్రగాడు గొంతు చించుకుని అరవడం, అంతా అందులో ఉంది. అంటే ఆ కాలం పూనకంలో మీరు వెతికిన ఊగుళ్ళూ అరుపులూ దండిగా ఉన్నాయి. ఇదే మురసాకి ఇంకోచోట ఒక బొమ్మ చూసి పద్యం రాసింది. పూనిన భార్య, వెనక దయ్యమై వచ్చిన చనిపోయిన మొదటి భార్య, మంత్రాలు చదివే మొగుడు, ఇదీ ఆ బొమ్మ. చనిపోయినదాని మీద నెపం వేస్తున్నాడు గానీ, పీడించేది వాడి మనసులోని దయ్యమే కాదా అని ఆ పద్యం భావం. వెయ్యేళ్ళ కిందటి మాట.

ఇప్పుడు నో నాటకం వాళ్ళు చేసిన పని చూడండి. నవలలో పూనకం అంతా అవోయి ఒంట్లో జరుగుతుంది. వీళ్ళు ఆ ఒంటినే తీసేసి బట్ట పరిచారు. దాంతో చూసేవాళ్ళ కళ్ళన్నీ పట్టిన మనిషి మీదికి మళ్ళుతాయి. బాధితురాలి జబ్బు పక్కకి జరిగి, బాధపెట్టేదాని బాధ నాటకమైంది. రొకుజో ముందుకొచ్చి ఆ కిమోనోని విసనకర్రతో కొడుతుంది. అప్పట్లో సవతిని కొట్టడం అని ఒక ఆచారమే ఉండేది. ఇంత గొప్పింటి మనిషివి, ఇదేం పని అని సోది చెప్పే తెరుహి అడ్డు చెబుతుంది. అయితే ఆ వెంటనే తెరుహి కూడా కొట్టేవాళ్ళ పక్షాన మాట్లాడుతున్నట్టు ఒకటి రెండు పంక్తులు వస్తాయి. మీకది వింతగా అనిపించి ఉంటే కారణం ఇది. పాత పద్ధతిలో రొకుజో వెంట ఏడుస్తూ ఒక చెలికత్తె కూడా వచ్చేది, విరిగిన బండి కూడా ఉండేది. 1413లో పోయిన ఇనువో అనే గొప్ప నటుడు బండితో సహా ఆడిన తీరు పాత రాతల్లో ఉంది. తర్వాత చెలికత్తె పాత్ర తీసేశారు, ఆవిడ మాటలు తెరుహికి మిగిలాయి. ఇలా పాత్రలు కుదించడం వల్ల వచ్చిన అతుకే అయినా, నాకు మాత్రం పిలిచిన ఆత్మ పిలిచినదాన్నే లాక్కుపోతున్నట్టు అనిపిస్తుంది. ఆ అతుకు అలాగే ఉండాలని కోరుకుంటాను.

మొదటి సగంలో రొకుజో మాస్కు పేరు దెయిగన్. మామూలు ఆడమనిషి మొహమే, కానీ కనుగుడ్ల చుట్టూ బంగారు రంగు పూస్తారు. కాస్త తల తిప్పినప్పుడు వెలుతురు పడి ఆ కళ్ళు మెరుస్తాయి, ఈమె మామూలు మనిషి కాదని అప్పుడు తెలుస్తుంది. రెండో సగంలో కొమ్ముల హన్న్యా మాస్కు. దాని నోరు చూస్తే కోరలు, కోపం. నోటిని చేత్తో కప్పి కళ్ళు మాత్రమే చూస్తే ఏడుపు. నటుడు తల కిందికి వంచితే దుఃఖం ముందుకొస్తుంది, పైకెత్తితే ఆగ్రహం. యోకవా నుంచి పిలిపించిన కొండ సన్యాసి కోణాలు తీరిన పెద్ద పూసల జపమాల రుద్దుతూ ఎదురు నిలబడతాడు. ఇద్దరూ డోళ్ళ దరువుకి అడుగు ముందుకూ వెనక్కూ వేస్తారు. చివరికి ఆవిడ శాంతిస్తుంది. నవలలో అవోయి కొడుకుని కని చనిపోతుంది, నాటకం ఆ ఊసే ఎత్తదు.

ఇక పెద్ద ప్రశ్న, పూనకం అంటే నో వాళ్ళు ఏమనుకున్నారు అని. నోకి రూపం ఇచ్చిన జెయామి 1400 ప్రాంతంలో రాసిన నటనశాస్త్రంలో దీని మీద సూటిగా రాశాడు. పిచ్చిగా మాట్లాడే పాత్రలు రెండు రకాలట. దేవుడో, బుద్ధుడో, బతికున్నవాళ్ళ ఆత్మో, చనిపోయినవాళ్ళ ఆత్మో పట్టినవాళ్ళు ఒక రకం. బిడ్డ తప్పిపోయి, మొగుడు వదిలేసి, పెళ్ళాం చనిపోయి మతి చెడినవాళ్ళు రెండో రకం. మొదటిది తేలిక, పట్టింది ఎవరో తెలుసుకుని ఆ స్వభావం ఆడితే చాలు. రెండోది కష్టం, ఎందుకంటే లోపల ఇంకెవరూ లేరు, ఆ మనిషి దుఃఖమే ఉంది. పూనకాన్ని తేలిక పాత్రల్లో వేసినవాడు ఆయన!

అంతటితో ఆగలేదు. ఆడమనిషికి యోధుడో రాక్షసుడో పూనినట్టు నాటకాలు రాయకండి అన్నాడు. పట్టినవాడి ఉగ్రం చూపిస్తే ఆడ రూపానికి నప్పదు, ఆడ రూపం కాపాడుకుంటే పట్టినవాడు కనిపించడు. మగవాడికి ఆడ ఆత్మ పూనినా అదే చిక్కు. ఒక ఒంట్లో ఇద్దరు, నటుడు ఎవర్ని ఆడాలి? ఇలాంటివి రాసేవాళ్ళకి నాటకం తెలియదని గట్టిగానే మందలించాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, సరిగ్గా అలాంటి నాటకమే రాసిపెట్టినవాడు ఆయన తండ్రి కనామి. దాని పేరు "సొతోబా కొమాచి". మగవాడి ఆత్మ ముసలి ఆడమనిషికి పూనుతుంది. పూనకం మీద ఒక్క నాటకమే చూసే ఓపిక ఉంటే ఇదే చూడమంటాను.

కొమాచి ఒకప్పుడు రాజధానిలో పేరుమోసిన అందగత్తె, కవయిత్రి. ఇప్పుడు వందకి ఒక్కటి తక్కువ ఏళ్ళ బిచ్చగత్తె. దారిలో పడి ఉన్న ఒక పుచ్చిన స్తూపం కర్ర మీద కూర్చుంటుంది. కోయా కొండ సన్యాసులు ఇద్దరు అది చూసి, బుద్ధుడి రూపం మీద కూర్చుంటావా అని కసురుతారు. ఆవిడ తడుముకోకుండా శాస్త్రం ఎత్తి వాదిస్తుంది, ఇద్దరూ ఓడిపోయి తల నేలకి ఆన్చి మొక్కుతారు. అప్పుడు పేరు చెబుతుంది. పాత వైభవం తలుచుకుంటుంది, ఇప్పటి చింకి సంచి చూసుకుంటుంది. ఉన్నట్టుండి మాట మారుతుంది. బిచ్చం అడుగుతున్నదల్లా, కొమాచి దగ్గరికి వెళ్ళాలి అంటుంది. సన్యాసులు తెల్లబోతారు. కొమాచివి నువ్వే కదమ్మా అంటారు. కాదు, ఆ కొమాచి అనే ఆవిడ ఉందే అంటూ ఆమె గురించి పరాయిదాని గురించి చెప్పినట్టు చెబుతుంది. నీకు పట్టింది ఎవరు అని అడుగుతారు. ఫుకకుసా సేనాని అని జవాబు వస్తుంది. నూరు రాత్రులు నా గుమ్మానికి వస్తే నీదాన్నవుతానని కొమాచి ఒకప్పుడు పందెం పెట్టిన మనిషి, తొంభై తొమ్మిది రాత్రులు వచ్చి వందోది చూడకుండా చనిపోయినవాడు.

ఆ మారడం ఎంత చిన్నదో చూడాలి. గొంతు పెంచరు, ఒళ్ళు విదల్చరు. మాటలోని "నేను" మాత్రం మారుతుంది. తర్వాత సహాయకులు వేదిక మీదే, అందరూ చూస్తుండగా, ఆవిడకి మగవాళ్ళ నల్ల టోపీ పెట్టి, పలచని అంగీ తొడుగుతారు. ముసలావిడ మాస్కు మాత్రం మార్చరు. ఆ ముడతల మొహంతోనే వానలో, మంచులో రాత్రులు లెక్కపెడుతూ తిరిగిన కుర్రవాడి అడుగులు వేస్తుంది. జెయామి అన్న చిక్కు, ఎవర్ని ఆడాలి అన్నది, ఇక్కడ విప్పలేదు, అలాగే చూపించారు. అదీ కాక, పట్టినవాడు వెతుకుతున్నది తను పట్టిన మనిషినే. ఎప్పటికీ దొరకదు. కొడుకు సిద్ధాంతం కంటే తండ్రి నాటకమే గొప్పదని నేనంటే గురువుగారు నవ్వి ఊరుకునేవారు.

జెయామి ఈ చిక్కుని ఇంకో దారిలో దాటాడు. మన మాటల్లో దయ్యం రావడం, దయ్యం పట్టడం ఒక్కటి కాదు కదా. ఆయన ఎక్కువగా మొదటిదే ఎంచుకున్నాడు. ఊరూరా తిరిగే సన్యాసికి చనిపోయినవాళ్ళు స్వయంగా, మొదట ఊరి మనిషిలా, తర్వాత కలలో సొంత రూపంతో కనిపించి తమ కథ చెప్పుకుంటారు. నో అంటే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది ఈ మూసే. ఇక్కడ ఒక ఒళ్ళు, ఒకే మనిషి, గొడవ లేదు. రొకుజోకే ఇలాంటి నాటకం ఇంకొకటి ఉంది, "నొనొమియా". అందులో ఆమె చనిపోయి ఎంతో కాలమైంది, ఎవర్నీ పట్టదు. శరత్కాలంలో పాత గుడి కంచె దగ్గరికి వచ్చి గెంజి వచ్చిన రాత్రిని తలుచుకుంటుంది. రెండూ పక్కపక్కన చూస్తే పూనకం నాటకానికీ దయ్యం నాటకానికీ తేడా వివరించక్కర్లేదు.

రెండు దారుల్నీ కలిపిన నాటకం ఒకటుంది, "ఫుతారి షిజుకా", అంటే ఇద్దరు షిజుకాలు. యొషినో కొండల్లో గుడి కోసం ఆకుకూర కోయడానికి వెళ్ళిన పిల్లకి ఒకావిడ కనబడి, నా కోసం బౌద్ధ సూత్రం రాయించమని మీ గుడివాళ్ళకి చెప్పు అంటుంది. పిల్ల గుడికొచ్చి ఆ సంగతి చెప్పి, నాకైతే నమ్మకం లేదు అంటుంది. ఆ నమ్మకం లేదన్న మాట మీదే గొంతు మారుతుంది. నమ్మవా అంటూ తనలోంచే షిజుకా మాట్లాడుతుంది. యొషిత్సునే అనే వీరుడి ప్రియురాలు, నాట్యగత్తె. రుజువేమిటంటే, తన నాట్యం బట్టలు గుడి ఖజానాలో ఉన్నాయని రంగులతో సహా చెబుతుంది. పూజారి తెరిపిస్తే ఉంటాయి. ఆ పిల్ల అవి తొడుక్కుని ఆడుతుంటే, అవే బట్టల్లో షిజుకా ఆత్మ కూడా వచ్చి పక్కన నిలబడి అదే ఆట ఆడుతుంది. పూనినదీ, పూనించుకున్నదీ పక్కపక్కన. నటులకి ఇది ప్రాణాంతకం. ఒకసారి మాస్కు పెట్టుకుని చూశాను: కళ్ళ దగ్గర రెండు చిన్న చిల్లులు, ఎదుట స్తంభం తప్ప ఏమీ కనిపించదు, పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలియదు. అలా ఒకరినొకరు చూడకుండా, పాటనీ డోలునీ నమ్ముకుని, విసనకర్ర ఎత్తడం కూడా ఒక్కసారే ఎత్తాలి.

దేవుడు ఒంటి మీదికొచ్చే నాటకాలూ ఉన్నాయి. "మకిగిను"లో కుమానో గుడికి పట్టుబట్టల మూట తెచ్చేవాడు దారిలో పూసిన మొదటి ఉమే పువ్వు (ప్లమ్ జాతి) చూసి ఆగి, మనసులో ఒక పద్యం అనుకుని దేవుడికి సమర్పించి, ఆలస్యంగా వస్తాడు. అధికారి కట్టి పడేయిస్తాడు. గుడిలో సేవ చేసే అమ్మాయికి ఆ దేవుడు పూని, ఇతను నాకు పద్యం ఇచ్చాడు, కట్లు విప్పండి అంటాడు. ఇలాంటి కూలివాడికి పద్యమా అని అధికారి సందేహం. సరే, అతన్ని మొదటి సగం చెప్పమనండి, మిగతాది నేను చెబుతాను అంటుంది. చెబుతుంది. సికింద్రాబాదు బోనాల్లో రంగం చూసినవాళ్ళకి ఇక్కడ పరిచయమైనదేదో తగులుతుంది, దేవత చెప్పేది వినడానికి అధికారులూ నాయకులూ చేతులు కట్టుకుని నిలబడే ఆ తీరు. ఆ తర్వాత అమ్మాయి చేసే నాట్యం క్రమంగా వేగం అందుకుంటుంది. మీరు వెతికిన ఉద్రేకానికి నోలో కొంచెం దగ్గరగా వచ్చేది ఇదే. దేవుడు పైకి వెళ్ళిపోయాడు, మనిషి మామూలైంది అనే మాటతో నాటకం అయిపోతుంది.

చూశారు కదా, ప్రతిచోటా ఒక రుజువు అడుగుతున్నారు. పేరు, ఖజానాలో బట్టలు, పద్యం రెండో సగం.

నటుడికి పూనుతుందా అన్నదానికి జెయామి జవాబు నిక్కచ్చి. 1424 నాటి రచనలో ఆయన చెప్పింది, నటుడు తన కళ్ళతో కాకుండా ప్రేక్షకుల చోటు నుంచి తనని చూసుకోవాలి, కళ్ళు ముందుంటే మనసు వెనక ఉండాలి అని. తన వీపు తనకి కనిపించనివాడు ఇంకా నటుడు కాలేదన్నమాట. ఒళ్ళు తెలియకుండా ఆడేవాడికి ఇది సాధ్యం కాదు. అయితే చాదస్తం లేదనీ కాదు. తెర వెనక అద్దాల గదిలో ప్రధాన నటుడు మాస్కుకి మొక్కి, పెట్టుకుని, అద్దంలో తనని కాసేపు చూసుకుంటాడు. "ఒకినా" అనే పూజలాంటి ఆటలో అయితే మాస్కుని ప్రేక్షకుల ఎదుటే పెట్టుకుంటాడు, అది పెట్టుకున్నంతసేపూ దేవుడు. ఆ ఆటకి ముందు విడిగా వండుకుని తినే నియమం ఉంది. వేదిక వెనక గోడ మీద గీసిన పైన్ చెట్టు, నరాలో కసుగా గుడి దగ్గర దేవుడు దిగిన చెట్టు అని చెప్తారు. అంటే దేవుడికి తలుపు తెరిచే ఉంచారు, నటుడు మాత్రం స్పృహలో ఉండాలి.

కబుకీకి వస్తే లెక్క మారుతుంది. అక్కడ పూనకం కళ్ళకి విందు. 1893లో తొమ్మిదో దంజురో అనే నటుడు ఆడిన "కగామి జిషి"లో, షోగున్ (సైనిక పాలకుడు) కోటలో పనిచేసే యాయోయి అనే సిగ్గరి పిల్ల చేతిలోకి సింహం తల బొమ్మ తీసుకుని ఆడుతుంది. సీతాకోకచిలకలు ఎగురుతుంటే ఆ తల తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది. చెయ్యి అటు లాగితే పిల్ల వెనక పడుతుంది. ఒక చెయ్యి సింహం, మిగతా ఒళ్ళంతా భయపడిన పిల్ల. తర్వాత తిరిగొచ్చేది పొడుగాటి తెల్ల జూలు విసిరే సింహమే. ఓజు అనే సినిమా దర్శకుడు 1935లో ఆరో కికుగొరో అనే నటుడి ఆటని సినిమా తీసి ఉంచాడు, ఆ చెయ్యి చూడండి. బొమ్మలాటకి రాసిన 1766 నాటి "హొంచో నిజూషికో"లో యాయెగాకి అనే రాకుమారి, ప్రియుణ్ణి చంపడానికి మనుషులు వెళ్ళారని తెలిసి, గడ్డకట్టిన సువా సరస్సు దాటాలని సువా దేవుడి శిరస్త్రాణం ఎత్తుకుంటుంది. కొలనులో తన నీడ బదులు నక్క కనిపిస్తుంది. సువా దేవుడి నక్క పూనింది. కబుకీలో ఈ ఘట్టాన్ని కొందరు మనిషి బొమ్మలా కదులుతూ ఆడతారు. వెనక బొమ్మలాట మనిషిలా ఒకాయన నిలబడి ఆడిస్తున్నట్టు నటిస్తాడు. పూనకాన్ని ఇంతకంటే తెలివిగా చూపించడం నేను చూడలేదు.

ఇదంతా బరువుగా అనిపిస్తే, నో మధ్యలో వేసే హాస్యనాటకం "ఫుకురో" చూడండి. గుడ్లగూబ గూడు పీకినవాడికి గుడ్లగూబ పూని హో హో అంటుంటాడు. అన్న కంగారుపడి కొండ సన్యాసిని పిలుస్తాడు. అవోయి నాటకంలో ఆత్మని లొంగదీసిన అదే వేషం, అదే జపమాల. ఈయన ఎంత గట్టిగా జపిస్తే వాడు అంత గట్టిగా కూస్తాడు. కాసేపటికి అన్న కూడా కూస్తాడు. చివరికి సన్యాసి కూడా కూస్తూ లోపలికి పోతాడు.

వరస అడిగితే, ముందు "ఫుకురో", తర్వాత అవోయి మళ్ళీ ఒకసారి, ఆ పైన "సొతోబా కొమాచి". ఎప్పుడైనా టోక్యో వెళ్తే సెందగాయాలోని జాతీయ నో రంగశాలలో ఎదుటి సీటు వెనక తెరల మీద మాటలు ఇంగ్లీషులో కూడా వస్తాయి. అయితే కొమాచి గొంతు మారే చోటికి ఒక పేజీ ముందే అనువాదం చదివేసి వెళ్ళండి. అక్కడ కళ్ళు తెర మీద ఉంటే ఆ క్షణం తప్పిపోతుంది.